మూడు రోజుల విరామం

ఉద్యోగాల ప్రకటన రాసే ముందు ఖాళీల పట్టిక తయారు చేయాలి. అందులో పోస్టు పేరు, విభాగం, జీతం స్కేలు, రిజర్వేషన్ల రోస్టరులో వరస, ఖాళీ అయిన తేదీ, ఖాళీ ఏర్పడిన కారణం అని గడులుంటాయి. కారణం గడిలో మామూలుగా మూడు మాటలే వస్తుంటాయి: పదవీ విరమణ, రాజీనామా, పదోన్నతి. నాలుగోది అరుదు. నెల్లూరులో ఒక వైద్య విశ్వవిద్యాలయంలో నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంటుని. ఇన్నేళ్లలో ఆ నాలుగో మాట ఐదారుసార్లు టైపు చేసి ఉంటాను. ఈసారి నా భార్య పోస్టుకు ఎదురుగా టైపు చేశాను.

ఆమె అక్కడే జ్వరాల పరిశోధన ల్యాబుకు అధిపతి. పోయి అప్పటికి ఆరు నెలలు. ఒక మధ్యాహ్నం ల్యాబులో తలనొప్పిగా ఉందని కూర్చుంది, సాయంత్రానికి లేదు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. సంతాప సభలో ఆమెను జ్ఞానజ్యోతి అన్నారు, కరుణామూర్తి అన్నారు, మైక్రోస్కోపు చేతబట్టిన సరస్వతి అన్నారు. అన్నవాళ్లు మనస్ఫూర్తిగానే అన్నారు, నాకు కోపం రాలేదు. కాని విద్యార్థుల థీసిసులు దిద్దేటప్పుడు ఆమె మొదట చేసే పని విశేషణాలు కొట్టేయడం. "గణనీయమైన అంటే ఎంతో చెప్పమనండి, చెప్పలేకపోతే తీసెయ్యమనండి" అనేది. ఆ సభలో తను కూడా కూర్చుని ఉంటే ఎర్ర పెన్ను కోసం చేతిసంచి వెతుక్కునేది.

రిజిస్ట్రారు గారు నన్ను పిలిచి, ఆ ఫైలు వేరే సెక్షనుకు ఇద్దామా అని అడిగారు. పట్టిక, ప్రకటన నేనే చేస్తానని చెప్పాను. అవి ఏటా చేసేవే, నాకంటే తప్పుల్లేకుండా చేసేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. ఆ ఒక్క పోస్టుకు వచ్చే దరఖాస్తుల పరిశీలనలో మాత్రం నన్ను పెట్టవద్దన్నాను. ఆయన సరేనన్నారు. ఆమె పోస్టును ఒక మెట్టు తగ్గించి రీసెర్చ్ సైంటిస్టుగా ప్రకటించాం. మిగతా విభాగాల అసిస్టెంట్ ప్రొఫెసర్లు, ఇద్దరు ల్యాబ్ టెక్నీషియన్లు, ఒక గణాంక నిపుణుడు, అన్నీ కలిపి ఒకే ప్రకటన. అది పేపర్లో పడిన రోజు దాన్ని ఎప్పటిలాగే రెండుసార్లు చదివాను. తప్పు కనిపించలేదు.

తప్పు ఉంది. అది అందులో ఉండి అప్పటికి ఆరేడేళ్లు.

రీసెర్చ్ సైంటిస్టు పోస్టుకు కావలసిన అర్హతల్లో "మూడేళ్ల పరిశోధన అనుభవం, మధ్యలో విరామం లేకుండా" అని ఉంటుంది. ఆ చివరి మూడు మాటలు నేను చేర్చినవి. ఒక ఏడాది ఒకాయన నాలుగేసి నెలల సర్టిఫికెట్లు తొమ్మిది తెచ్చి, వాటిని కలిపి మూడేళ్లని లెక్క చూపాడు. తొమ్మిది చోట్లా ఆయన నేర్చుకున్నదేమిటో కమిటీ అడిగితే చెప్పలేకపోయాడు. అప్పుడు నేను ఆ షరతు ప్రతిపాదించాను, అందరూ బాగుందన్నారు. అప్పటినుంచీ ప్రతి ప్రకటనలోనూ అది అలాగే దిగుతూ వచ్చింది.

ఇంకోవైపు, ప్రాజెక్టు ఉద్యోగుల సంగతి ఉంది. బయటి నిధులతో నడిచే పరిశోధన ప్రాజెక్టుల్లో చేరేవాళ్లకు పదకొండు నెలలకే ఉత్తర్వు ఇస్తాం. అది ముగిశాక మూడు రోజుల విరామం. నాలుగో రోజు కొత్త ఉత్తర్వు. వరసగా ఏళ్ల తరబడి పనిచేశామని రేపు ఎవరూ హక్కు అడగకుండా పెట్టుకున్న పాత ఏర్పాటు ఇది. ఆ ఉత్తర్వులు తయారు చేసేదీ మా సెక్షనే. మా దగ్గర పదకొండేసి నెలలుగా ఎన్నేళ్లు పనిచేసినవాళ్లయినా మా షరతు దాటలేరన్న సంగతి నాకు ఎన్నడూ తట్టలేదు. ప్రకటనల ఫైలు ఎడమవైపు బీరువాలో, ప్రాజెక్టు ఉత్తర్వుల ఫైలు కుడివైపు బీరువాలో ఉండేవి. రెండింటికీ మధ్యలో నా కుర్చీ.

నా భార్య దగ్గర ప్రాజెక్టులో పనిచేస్తున్న అమ్మాయి దరఖాస్తు చేసేదాకా ఆ రెండు ఫైళ్లూ కలుసుకోలేదు.

ఆ అమ్మాయిది గూడూరు. వాళ్ల నాన్నకు నిమ్మకాయల మార్కెట్టులో వ్యాపారం. ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి. నా భార్య దగ్గరే డాక్టరేటు చేసి, తర్వాత ప్రాజెక్టులో చేరింది. మూడున్నరేళ్లు దాటింది. వాళ్లు చూస్తున్నది ఎలుక జ్వరం. నాట్ల కాలంలో వరి మళ్లలో దిగేవాళ్లకు, రొయ్యల గుంటల్లో పనిచేసేవాళ్లకు, ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వస్తుంది. మనుబోలు నుంచి దొరవారిసత్రం దాకా ఊళ్లు తిరిగి, జ్వరం వచ్చిన మొదటి వారంలోనే రక్తం తీసి, ఒక ద్రవంలో వేసి, అందులో ఉండే జ్వరపు క్రిమిని గొట్టాల్లో పెంచుతారు. ఆ క్రిమి చాలా నిదానంగా పెరుగుతుంది. ఒక్కో గొట్టాన్ని వారానికోసారి మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి, అలా మూడు నెలలు చూడాలి. పెరిగినదాన్ని సమయానికి కొత్త గొట్టంలోకి మార్చకపోతే చచ్చిపోతుంది. గొట్టాలు ఒక్కోటి ఒక్కో రోజు మొదలవుతాయి కాబట్టి ప్రతిరోజూ ఏదో ఒకదాని వంతు ఉంటుంది.

అందుకే మొదటి విరామం వచ్చినప్పుడు మా ఇంట్లో గొడవ జరిగింది. అన్నం తింటూ నేను, "ఆ మూడు రోజులు ఆ పిల్లను ల్యాబులోకి రానియ్యబాక. ఉత్తర్వు నా చేతిమీదగా పోయింది, రేపేదన్నా అయితే నన్నడుగుతారు" అన్నాను.

"రావద్దనే చెప్పినాను. వస్తానంటా ఉంది" అంది.

"నువ్వు గట్టిగా చెప్పు."

"ఆ పిల్లకు గట్టిగా చెప్పొచ్చు. గొట్టాల్లో ఉండేవాటికి ఎట్ట చెప్పేది? మీ ఉత్తర్వు చదివి మూడు దినాలు పెరక్కుండా ఆగే రకమా అవి?"

"నువ్వు చూసుకో ఆ మూడు రోజులు."

"పొద్దున క్లాసులు, మధ్యాహ్నం వార్డు, మీటింగులు. ఇరవై గొట్టాలు నేనొక్కదాన్నే చూసేదయితే, మీరు వచ్చి కడగండి గ్లాసు సామాన్లు."

 ఆ అమ్మాయి వచ్చిందో లేదో ఆ తర్వాత నేను అడగలేదు.

దరఖాస్తుల పరిశీలన తర్వాత తాత్కాలిక జాబితా పెట్టారు. అర్హులు ఆరుగురు. అనర్హుల్లో ఆ అమ్మాయి పేరు, పక్కన కారణం: అనుభవంలో విరామాలు. బయటి కాలేజీల నుంచి వచ్చినవాళ్లకు సర్టిఫికెట్లు ఏ విరామమూ లేకుండా ఉన్నాయి. అక్కడే ఆ ల్యాబులోనే ఆ గొట్టాలు పెంచిన మనిషికి లేవు. అభ్యంతరాలకు ఐదు పనిదినాల గడువు. ప్రాజెక్టు రెండు నెలల్లో ముగుస్తుంది. ఈ ఉద్యోగం రాకపోతే ఆమె ఏ చెన్నైలోనో మందుల కంపెనీలో చేరాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. ఆ గొట్టాలు ఎవరు చూస్తారో ఎవరూ ఆలోచించలేదు.

మూడో రోజు ఆమె అభ్యంతరం రాసుకుని మా సెక్షనుకు వచ్చింది. మా సెక్షన్‌లో ఒక సీనియర్ అసిస్టెంటు ఉంది, మనుబోలు నుంచి రోజూ బస్సులో వస్తుంది, సెలవు రోజుల్లో సొంత పొలంలో నాట్లు దగ్గరుండి వేయించే మనిషి. ఆమె నోటికి భయపడి రిజిస్ట్రారు గారి డ్రైవరు కూడా మా గది ముందు నుంచి రాడు.

"ఏమ్మా, మూడున్నరేళ్లు ఆ ల్యాబులోనే కాపరం చేస్తివి, నీకు అనుభవం ల్యాదంట. చూసినావా చోద్యం?" అంది. "మా ఊళ్లో సూది పొడిచి రగతం తీసింది నువ్వే కదమ్మే. మా మామ ఇప్పటికీ అంటాడు, ఆ గూడూరు పిల్లది చెయ్యి తేలికని. ఆయన్ని పిలిపించి సాక్ష్యం చెప్పిద్దామా?"

ఆ అమ్మాయి నవ్వడానికి ప్రయత్నించింది.

"ఆ షరతు రాసింది మా సారే. అదిగో, ఆడ కూర్చోనుండాడు. అడుగు."

నేను ఆ అమ్మాయిని కూర్చోమన్నాను. పరిశీలనలో నేను లేనని, కాగితం తీసుకుని కమిటీకి పంపడం వరకే నా పని అని చెప్పాను. ఎవరు వచ్చినా చెప్పే మాటే ఇంకోటి చెప్పాను: విరామం రోజుల్లో కూడా పని జరిగినట్టు రుజువుంటే జతచేయొచ్చు, కమిటీ చూస్తుంది.

"రుజువేమీ ల్యా సార్" అంది.

"ఆ రోజుల్లో వచ్చినావా, రాలేదా?"

ఆమె బల్లమీది పేపర్ వెయిట్‌ను చూస్తూ, "రాలేదు సార్" అంది.

"ఒక్కసారి కూడా?"

"ల్యా సార్. మేడం రావద్దన్నారు. రూలు గదా."

కాగితం మీద ముద్ర వేసి, రసీదు ఇచ్చాను. ఆమె వెళ్లిపోయింది. ఆమె చెప్పింది అబద్ధమని నాకు తెలుసు. నా భార్య పుస్తకం మా ఇంట్లో ఉంది.

ల్యాబులో రెండు పుస్తకాలుండేవి. ఒకటి ఫెయిర్ రిజిస్టరు. అది ఆడిట్‌కు చూపేది, ల్యాబులోనే ఉంటుంది. రెండోది నా భార్య సొంతంగా రాసుకునే చిత్తు పుస్తకం, నీలం అట్ట; తను ఊళ్లో లేనప్పుడు మాత్రం ఆ అమ్మాయి రాసేది. ఏ రోజు ఏ గొట్టం చూశారు, ఎవరు చూశారు, ఏం కనిపించింది. రోగుల పేర్లుండవు, ఊరు, నంబరు మాత్రమే. చివరి గడిలో తెలుగులో ఒకటి రెండు మాటలు. ఆమె పోయాక డిపార్ట్‌మెంటు వాళ్లు గొడుగు, చెప్పులు, కళ్లద్దాల పెట్టెతో పాటు ఆ పుస్తకాన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి ఇంటికి పంపారు.

నేను చిన్నప్పటినుంచీ పుస్తకాలు చదివేవాణ్ణి. ఆమె పోయాక నవలలేవీ సాగలేదు. అందులో ఎవరికి ఏం జరిగినా నాకు పట్టేది కాదు. ఆ చిత్తు పుస్తకం మాత్రం చదివేవాణ్ణి. "మబ్బు. కరెంటు లేదు. ఏడు చూశాం, ఏమీ లేదు." "మనుబోలు మూడు. ఏమీ లేదు. ఏమీ లేదు." ఆరు పేజీలు ఏమీ లేదనే ఉంటుంది. ఆమె గొంతు నాకు అందులో వినిపించేది. ఆమె చేతిరాతలో అంత పొడుగు పుస్తకం నా దగ్గర ఇంకోటి లేదు. ఉత్తరాలు రాసుకునే అవసరం మాకెప్పుడూ రాలేదు.

ఆ అమ్మాయికి వచ్చిన విరామాలు మూడు, మొత్తం తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల పేజీలూ అందులో ఉన్నాయి. తొమ్మిదింటిలోనూ చూసినవాళ్ల గడిలో ఆ అమ్మాయి పొడి అక్షరాలున్నాయి. ఆరు రోజులకు పక్కన నా భార్యవి కూడా ఉన్నాయి. రెండో విరామంలోని మూడు రోజులకు లేవు. ఆ మూడు రోజులూ మేమిద్దరం కర్నూలులో ఉన్నాం. ఆమెకు అక్కడ పరీక్షల డ్యూటీ పడితే నేనూ తోడు వెళ్లాను. ఆ మూడింటిలో రెండో రోజు పేజీలో అమ్మాయి రాత ఉంది: దొరవారిసత్రం గొట్టం, కదలిక ఉంది. దాని కింద, వచ్చాక, నా భార్య రాసింది: "నేను లేను. ఆమే చూసింది."

ఆ ల్యాబులో మొదటిసారి క్రిమి పెరిగింది ఆ రోజే. తర్వాత వచ్చిన వ్యాసంలో మొదటి పేరు ఆ అమ్మాయిదే పెట్టింది నా భార్య. కాని ఫెయిర్ రిజిస్టరులో ఆ మూడు రోజులకూ తనే చూసినట్టు సంతకం చేసింది. కర్నూలు నుంచి వచ్చిన మర్నాడు ఆ మాట నాతో చెప్పింది. "ఉత్తర్వు లేని మనిషి పేరు ఆడిట్ పుస్తకంలో ఎట్ట రాసేది? నేనే పెట్టేసినాను సంతకం. మీరు విననట్టుండండి" అంది. నేను విననట్టే ఉన్నాను.

కాబట్టి నీలం పుస్తకం బయటపెడితే ఆ అమ్మాయికి విరామం లేదని తేలుతుంది. నా భార్య తప్పుడు సంతకం చేసిందని కూడా తేలుతుంది. పెట్టకపోతే అమ్మాయి దరఖాస్తు పోతుంది, భార్య పేరు నిలుస్తుంది. ఆ అమ్మాయి రెండోదే ఎంచుకుంది. నా ఎదుట కూర్చుని, నా భార్య కోసం, తనకు తానే అనర్హత రాసుకుని వెళ్లింది.

పుస్తకం ఇవ్వాలని నిర్ణయించుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. పట్టిందని చెబితే బాగుంటుందేమో, కాని పట్టలేదు. ఆమె ఆ పుస్తకంలో నిజం రాసింది. ఎవరికీ చూపనక్కర్లేని చోట, ఎవరూ అడగకుండా, "నేను లేను" అని రాసింది. అది దాచిపెట్టే హక్కు నాకు లేదు. ఒక్క సంగతి మాత్రం ఉంది. ఉత్తర్వు లేకుండా పనిచేసిన మనిషిగా ఆ అమ్మాయి పేరు కూడా ఫైల్లోకి వస్తుంది. ఆమెతో చెప్పకుండా ఇవ్వడం న్యాయం కాదు. ఆదివారం పొద్దున్నే పాసింజరు రైల్లో గూడూరు వెళ్లాను.

వాళ్ల నాన్న మార్కెట్టులోనే ఉన్నాడు. ఎదుట కుప్పగా పోసిన నిమ్మకాయలు, చేత్తో తిప్పుతూ పండువి ఒకవైపు, పచ్చివి ఒకవైపు తోస్తున్నాడు. నన్ను అంతకుముందు సంతాప సభలో చూశాడు. గుర్తుపట్టి లేచాడు.

"రాండి సార్, రాండి. ఆ గోతాం మీద కూర్చోబాకండి, రసం అంటుకుంటాది. ఈ స్టూలు తీసుకోండి." టీ తెప్పించాడు. నేను ఎందుకొచ్చానో చెప్పకముందే మొదలుపెట్టాడు. "కాయ మీద చెయ్యి పెట్టి లోపల చెడిందో ల్యాదో చెప్తాను సార్ నేను. నలభై ఏళ్ల చెయ్యి ఇది. నా బిడ్డ కడుపులో ఏముండాదో మాత్రం చెప్పలేను. మూడు దినాలైంది, అన్నం సరిగ్గా తినడం ల్యా. అడిగితే ఏంలేదబ్బా అంటాది."

"పిలవండి ఒకసారి" అన్నాను.

ఇల్లు మార్కెట్టు వెనక వీధిలోనే. ఆమె వచ్చి నన్ను చూసి తల మీది చున్నీ సర్దుకుంది.

"మేడం నీలం పుస్తకం నా దగ్గరుండాది" అన్నాను. "తొమ్మిది రోజులూ ఉండాయి అందులో. నీ అక్షరాలతో."

 "అది పెట్టబాకండి సార్" అంది ఆమె. "కర్నూలు పోయిన రోజులు ఉండాయి గదా అందులో. ఫెయిర్ రిజిస్టరు పక్కన పెట్టి చూస్తే మేడం పేరు పోతాది. నాకు ఇంకోచోట వస్తాదిలే ఉద్యోగం."

"యాడొస్తాదే?" అన్నాడు వాళ్ల నాన్న. "యాడొస్తాదో చెప్పు, నేను పోయి కాయలు అక్కడే అమ్ముకుంటాను."

"నువ్వు ఊరుకో అబ్బా."

నేను అన్నాను: "నువ్వొచ్చినావని మేడం రాసింది. రాలేదని నువ్వు నాతో చెప్పినావు. ఇద్దర్లో ఒకరు అబద్ధం చెప్పినట్టు. ఎవరు?"

ఆమె కాయల కుప్ప వైపు చూసింది. "నేనే సార్."

"చూసినారా సార్" అన్నాడు తండ్రి. "అబద్ధమాడి నాలుగు దినాలు కూడా నిలబెట్టుకోలేకపాయె. మార్కెట్టులో పెట్టినానంటే ఒక్కపూటలో నా దుకాణం మూయించేస్తాది. ఆ సర్కారు ఉద్యోగమే దీనికి సరి."

ఆమెకు నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. చున్నీతో ముఖం తుడుచుకుంది. కర్నూలు సంగతి నాకు అప్పుడే తెలుసని, తెలిసీ ఊరుకున్నానని, నా ఉత్తరంలో అదే రాస్తానని చెప్పాను. "మీకేమన్నా అవుతాదేమో సార్" అంది. మెమో ఇస్తారు, జవాబు రాస్తానన్నాను. అప్పుడు సరేనంది.

నేను తిరుగు రైలు ఎక్కేటప్పుడు ఆయన ఒక సంచీ నిండా కాయలు నా చేతిలో పెట్టాడు. వద్దంటే, "లంచం కాదు సార్, దెబ్బ తగిలిన కాయలే" అన్నాడు.

సోమవారం గడువు చివరి రోజు. ఆ తొమ్మిది పేజీలు ఫోటోకాపీ తీయించి ఇంట్లో పెట్టుకున్నాను. పుస్తకాన్ని ఉత్తరంతో కలిపి ఇచ్చాను. ఉత్తరం పది వరసలు. ఈ పుస్తకం నా భార్యది, ఆమె లేని రోజులవి తప్ప చేతిరాత ఆమెది, నా దగ్గరికి ఇలా వచ్చింది, ఫలానా మూడు రోజులు ఆమె ఊళ్లో లేదు, ఫెయిర్ రిజిస్టరులో ఆ సంతకాలు వాస్తవం కాదు, ఈ సంగతి నాకు అప్పుడే తెలుసు, పైవాళ్లకు చెప్పలేదు. మా సీనియర్ అసిస్టెంటు దాన్ని నమోదు చేస్తూ చదివి, కళ్లద్దాల మీదుగా నన్ను చూసింది.

"లోకంలో అందరూ పక్కోళ్ల మీద చాడీలు చెప్తారు. మీరేంది సార్, మీ మీద మీరే చెప్పుకుంటుండారు?"

"నంబరు వెయ్యి" అన్నాను.

వేసింది. ముద్ర కాస్త మెల్లగా వేసింది.

కమిటీలో ముగ్గురు. అధ్యక్షుడు బయటి నుంచి వచ్చిన రిటైర్డు ప్రొఫెసరు, మాట తక్కువ మనిషి. మొదట నన్ను పిలిచారు. ఫెయిర్ రిజిస్టరు, నీలం పుస్తకం రెండూ ఆయన ముందు తెరిచి ఉన్నాయి.

"ఉత్తర్వు లేని మనిషిని రోగుల నమూనాలు ముట్టుకోనిచ్చారా మీ శ్రీమతి గారు?"

"ముట్టుకోనిచ్చింది."

"ఈ సంతకాలు?"

"తప్పు" అన్నాను.

ఆమె గురించి ఆ మాట బయటి మనిషితో అనడం అదే మొదటిసారి. నేను అనుకున్నంత కష్టంగా లేదు. అన్నాక ఆయన నన్ను కూర్చోమన్నాడు. తర్వాత ఆ అమ్మాయిని లోపలికి పిలిచారు. ఆయన నీలం పుస్తకం తన వైపుకు తిప్పుకుని, పేజీ మీద అరచెయ్యి ఆనించాడు.

"రెండో విరామం, రెండో రోజు. ఏ గొట్టం చూశావు?"

"దొరవారిసత్రం సార్" అంది ఆమె వెంటనే. "అంతకుముందు పన్నెండు వారాలు చూసినా, ఏమీ కనపడలేదు. పారేద్దామనుకున్నాం. మేడం ఇంకొక్కవారం చూడమన్నారు. ఆ రోజు కదిలింది. మొదట నా కన్నే అదిరిందేమో అనుకున్నా. స్లైడు మార్చి మళ్లీ చూసినా. మూడు స్లైడులు పెట్టినా. సన్న దారాల మాదిరి, ఒక కొన వంగి, తిరుగుతా ఉన్నాయి."

"ఎవరికి చెప్పావు?"

"ఎవురికీ చెప్పలేదు సార్. నేను ఆ రోజు ల్యాబులో లేను గదా, రూలు ప్రకారం. మేడంకు ఫోను చేసి, ఉందని మాత్రం చెప్పినా. పక్కన మనుషులుండారేమో, ఆమె సరే అని పెట్టేసినారు."

ఆ ఫోను నాకు గుర్తుంది. కర్నూలులో గెస్ట్ హౌస్ మెట్ల మీద వచ్చింది. ఆమె సరే అని పెట్టేసి, ఆ పూట భోజనంలో రెండుసార్లు పెరుగు వేయించుకుంది. ఎందుకంత హుషారుగా ఉందని నేను అడగలేదు.

అధ్యక్షుడు చెయ్యి తీసి పేజీ చదివాడు. పక్కవాళ్లకు తిప్పి చూపించాడు. గొట్టం నంబరు, స్లైడుల సంఖ్య, రెండూ ఆమె చెప్పినట్టే ఉన్నాయి.

నిర్ణయం మర్నాడు మా సెక్షనుకు వచ్చింది. అభ్యర్థిని ఆ తొమ్మిది రోజులూ వాస్తవంగా పనిచేసినట్టు సమకాలీన ఆధారం ఉన్నందున అనుభవంలో విరామం లేదని భావించి, అర్హుల జాబితాలో చేర్చడమైనది. దాని కింద రెండో పేరా. అప్పటి ల్యాబు అధిపతి ఉత్తర్వు లేని కాలంలో పనికి అనుమతించడం, రిజిస్టరులో వాస్తవానికి భిన్నంగా సంతకం చేయడం నిబంధనలకు విరుద్ధం. ఆమె జీవించి లేనందున చర్య అవసరం లేదు. సంగతి తెలిసీ తెలియజేయనందుకు సూపరింటెండెంటుకు మెమో ఇవ్వవలెను.

శుద్ధప్రతి తీయాల్సింది మా సీనియర్ అసిస్టెంటు. మొదటి పేరా టకటకా కొట్టింది. రెండో పేరా దగ్గర ఆగింది.

"సార్, నా మాట వినండి. జాబితాకు మొదటి పేరా చాలు. ఈ రెండోది విడిగా కవర్లో పెట్టి పైకి పంపిద్దాం. నోటీసు బోర్డులో ఎందుకు? వచ్చేవాళ్లు పోయేవాళ్లు మేడం గురించి చదవాల్నా?"

"రెండూ ఒకే నిర్ణయం. ఒకటి లేకపోతే రెండోది అర్థం కాదు. కొట్టు."

"మీకు బాధగా ల్యా?"

"ఉంది. కొట్టు."

ఆమె కొట్టింది. నేను మూలప్రతి పక్కన పెట్టుకుని మాట మాటా సరిచూశాను. అందులో విశేషణం ఒక్కటీ లేదు. సంతాప సభలో వాళ్లు చెప్పినవాటికంటే ఈ రెండు పేరాల్లోనే ఆమె నాకు బాగా కనిపించింది. ఒక మనిషి ఏం చేసింది, ఎందుకు చేసింది, అందులో ఏది తప్పు. నోటీసు బోర్డుకు నేనే తీసుకెళ్లి అంటించాను.

మెమోకు ఏడు రోజుల్లో జవాబివ్వాలి. తెలిసిన మాట నిజమని, చెప్పకపోవడం నా తప్పని మొదటి రోజే రాసిచ్చాను. దానితోపాటే వేరే నోటు ఒకటి పెట్టాను: ప్రాజెక్టు ఉత్తర్వుల మధ్య మేమే ఇచ్చే మూడు రోజులను ఇకపై అనుభవంలో విరామంగా లెక్కించరాదు, ఆ షరతు అలా రాసిన బాధ్యత నాది. రిజిస్ట్రారు గారు మెమో ఫైలు మీద "హెచ్చరించడమైనది" అని, నోటు మీద "ఆమోదించడమైనది" అని ఒకే పెన్నుతో రాశారు.

ఇంటర్వ్యూలో ఏడుగురున్నారు. ఆ గదిలోకి నేను వెళ్లలేదు, ఏం జరిగిందో అడగలేదు. వారం తర్వాత సీలు కవరు విప్పితే ఆ అమ్మాయి పేరు మొదట ఉంది. నియామకపు ఉత్తర్వు మా సెక్షనులోనే తయారైంది. చేరే రోజు వాళ్ల నాన్న కూడా వచ్చి, వరండాలో నిలబడి, లోపలికి రమ్మంటే రానన్నాడు. ఆమె మా బల్ల దగ్గర నిలబడి చేరిక పత్రం రాసింది. తేదీ వేసి, పూర్వాహ్నం అని రాసి, సంతకం చేసింది.

"సంతకం చక్కగా పెట్టమ్మే, ఇంక అది చెల్లుతాది" అంది సీనియర్ అసిస్టెంటు.

ఆమె కాగితం నాకిస్తూ అడిగింది: "ఇంక నాకు మూడు దినాల విరామం ల్యా గదా సార్?"

"లేదు. రాకూడదనుకుంటే సెలవు పెట్టుకోవాలి."

"సెలవా?" గోడ గడియారం వైపు చూసింది. "యాడ సార్, ఈ పూట నాలుగు గొట్టాలుండాయి. ఇప్పటికే ఆలస్యమైంది." వరండాలో ఉన్న తండ్రితో సాయంత్రం రైలుకు ఒక్కడినే పొమ్మని చెప్పి, ల్యాబు వైపు నడిచింది.